పక్క చేలో ఏం వేశాడో చూసొచ్చారా?

మా మాచవరంలో అవసరమై వస్తువు కొన్నవాణ్ణి చూసి చాలా కాలమైంది. పక్కింటాయన కొన్నాడని కొంటారు. లేదంటే పక్కింటాయన కొనేలోపు మనం కొనెయ్యాలని కొంటారు. ఈ మాట రామాలయం అరుగు మీద అంటే కుర్రాళ్ళు ఫోన్లలోంచి తల ఎత్తకుండానే నవ్వుతారు. "మీ రోజుల్లో మాత్రం ఒకళ్ళని చూసి ఒకళ్ళు కొనలేదా తాతా?" అని అడుగుతారు. కొన్నాం. కొనలేదని నేనెప్పుడన్నాను? మా నాన్న కట్టిన పంచె అంచు దగ్గర్నుంచి మా ఇంటి దూలాల దాకా అన్నీ ఎవర్నో చూసి తెచ్చుకున్నవే. అయితే మా రోజుల్లో పక్కవాడి వస్తువు ఒక్కటే కనపడేది కాదు, దాని వెనకున్న అప్పు కూడా కనపడేది. నా గొడవంతా అక్కడే.

ముందు తిండి సంగతి చెబుతాను. పల్నాడంటే జొన్న. శ్రీనాథుడంతటివాడు ఈ సీమకొచ్చి జొన్నకూడు తినలేక విసుక్కుంటూ చాటువులు చెప్పాడంటారు. రాజుల ఇళ్ళలో సన్నబియ్యం తిన్న మనిషి, విసుక్కోక ఏం చేస్తాడు! మాకు మాత్రం జొన్నన్నం, జొన్నరొట్టె, గోంగూర, పచ్చిమిరపకాయ పచ్చడి, అంతే. వరన్నం పండక్కో, అల్లుడొస్తేనో. 1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నెహ్రూగారు నాగార్జునసాగర్ డ్యాముకి శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకి నీళ్ళొదిలారు. కుడి కాలువ కింద వరి వచ్చింది, వరితో పాటు హోదా వచ్చింది. పెళ్ళి సంబంధాల దగ్గర "వాళ్ళింట్లో రెండు పూటలా వరన్నమేనంట" అని చెప్పుకునేవాళ్ళు. రొట్టె తట్టే చప్పుడు పక్కింటికి వినపడుద్దని వెనక తలుపు వేసుకుని పొయ్యి దగ్గర కూర్చున్న ఇల్లాళ్ళు నాకు తెలుసు. 1983లో ఎన్టీ రామారావుగారు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక ఆ కాస్త మొహమాటం కూడా పోయింది. బీదాబిక్కీ అందరూ వరన్నంలోకి వచ్చారు. మంచిదే, కడుపు నిండింది. జొన్న మాత్రం గొడ్ల మేతకి పోయింది.

ఇప్పుడేమైంది? ఇంటికొకరికి షుగరు. పిడుగురాళ్ళ డాక్టరుగారు రాత్రిపూట జొన్నరొట్టె తినమంటాడు. పట్నంలో జొన్నపిండి రంగురంగుల ప్యాకెట్లో బియ్యం కంటే ఎక్కువ ధరకి అమ్ముతున్నారు. మా మనవరాలు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, "తాతయ్యా, మా ఆఫీసులో అందరూ మిల్లెట్సే తింటున్నారు, నువ్వూ తిను" అంది. నాకు పదేళ్ళప్పుడు ఆ అందరూ ఎక్కడున్నారమ్మా అన్నాను. ఆ పిల్లకి అర్థం కాలేదు. దానికి డాక్టరు చెప్పిందీ పట్టదు, ముత్తవ్వ తిన్నదీ పట్టదు. పక్క కుర్చీలో కూర్చున్న పిల్ల తింటోంది కాబట్టి తింటోంది. పోనీలే, ఏదో ఒక దారిన జొన్న ఇంటికి తిరిగొచ్చింది.

బట్టల దగ్గరా అంతే. 1971లో ప్రేమనగర్ సినిమా వచ్చింది. వాణిశ్రీ కట్టిన చీరలు, పెట్టిన కొప్పు చూసి గుంటూరు, నరసరావుపేటల్లో ఆడవాళ్ళు ఊగిపోయారు. ఆ మోజు మా ఊరు చేరాలంటే సినిమా ముందు పిడుగురాళ్ళ రావాలి, ఎవరో ఒకావిడ ధైర్యం చేసి ఆ చీర కొనాలి, కట్టుకుని పెళ్ళికి రావాలి, మిగతావాళ్ళు అంచు పట్టుకుని చూడాలి, రెండు ఉతుకులకి రంగు పోయిందా లేదా అడగాలి. ఇదంతా అయ్యేసరికి ఏడాది. ఆ ఏడాదిలో సగం మందికి మోజు తీరిపోయేది, మిగతా సగం మందికి మొగుడు డబ్బులిచ్చేవాడు కాదు. ఆలస్యం వల్ల ఎన్ని కాపురాలు అప్పు లేకుండా బతికాయో ఎవరూ లెక్క రాయలేదు.

1987 జనవరిలో దూరదర్శన్‌లో రామాయణం మొదలైనప్పుడు వీధికొక టీవీ ఉంటే గొప్ప. టీవీ ఉన్న ఇంటాయన ఆదివారం పొద్దున తలుపు బార్లా తీసి పెట్టేవాడు. చాపలు మేం తీసుకెళ్ళేవాళ్ళం. ఆయన టీవీ చూశాం, ఆయన వాయిదా కట్టలేక వడ్డీకి తెచ్చిందీ చూశాం, కొట్టాయన ఇంటిముందు నిలబడి అడగడమూ విన్నాం. దాంతో నాలుగిళ్ళవాళ్ళు ఇంకో ఏడాది ఆగుదాంలే అనుకున్నారు. ఊళ్ళో కొట్టు ఖాతా పుస్తకం దాదాపు బహిరంగ పత్రం. ఎవరి పేరు కింద ఎంతుందో ఉప్పు కొనడానికి వెళ్ళిన పిల్లాడికి కూడా తెలిసేది. పెళ్ళిలో చదివింపులు మైకులో చదివేవాళ్ళు. ఎవరు ఎంత పెట్టారో, ఎవరు ఎంతకి తగ్గారో ఊరంతా వినేది. సిగ్గుగా ఉండేది, నిజమే. ఇప్పుడు సిగ్గు లేదు. అప్పు ఫోన్‌లో ఆప్ ఇస్తుంది, కిస్తీ బ్యాంకులోంచి దానంతట అదే పోతుంది. పక్కింటివాడికి కనపడేది గేటు ముందున్న కారు ఒక్కటే. ఆ కారు చూసి వీడు షోరూముకి పోతాడు.

ఇక పత్తి కథ. దీని గురించి మాట్లాడితే మా ఆవిడ ఇంట్లోకి వెళ్ళిపోతుంది, ఎన్నోసారి వింటున్నానో అని.

పత్తిని మా వాళ్ళు తెల్ల బంగారం అన్నారు. గుంటూరు జిల్లా నల్లరేగడి, పైన సాగర్ నీళ్ళు, చేతిలో కొత్త హైబ్రిడ్ గింజలు. పక్క చేలో పత్తి వేస్తే మన చేలో కంది వేసుకోవడం నామోషీ అయింది. పక్కవాడు మందు కొట్టాడంటే మనమూ కొట్టాలి, లేకపోతే అక్కడి పురుగు ఇక్కడికి వస్తుందని భయం. మందుల కొట్టువాడు ఒకే మాట అందరికీ చెప్పేవాడు: "మీ పక్కాయన రెండు సీసాలు పట్టుకెళ్ళాడు." అంతకు మించిన ప్రచారం ఏ కంపెనీకీ అక్కర్లేదు. ఎనభైల్లో కొత్త రకం పురుగుమందులు వచ్చి, అతిగా కొట్టి కొట్టి తెల్లదోమ పెరిగింది, శనగపచ్చ పురుగు ఏ మందుకీ లొంగకుండా పోయింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. అదే పురుగుమందు తాగి. అప్పటిదాకా మన వైపు రైతు చావడం విన్నాం కానీ, పంట కోసం చావడం వినలేదు.

మన గుంటూరు రైతులు అప్పటికే వరంగల్లు వైపు వలస వెళ్ళి అక్కడ నల్లరేగడి కొని పత్తి వేశారు. వాళ్ళని చూసి అక్కడివాళ్ళూ వేశారు. పదేళ్ళు తిరక్కుండా 1997-98లో వరంగల్లు పత్తి రైతుల చావులు పేపర్లలో వచ్చాయి. మన పంటతో పాటు మన జబ్బు కూడా అక్కడికి చేరింది. ఈ మాట అంటే గుంటూరు వాళ్ళకి కోపం వస్తుంది. రానీ.

2002 మార్చిలో, కాయతొలిచే పురుగుని తట్టుకునే బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్టు 1600 రూపాయల పైమాట. ఆ ధర మీద మన రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్యాన్ని అరికట్టే ఎం.ఆర్.టి.పి. కమిషన్ దాకా వెళ్ళి పోట్లాడి 2006లో 750కి దింపించింది. ధర దిగింది, మోజు దిగలేదు. ఒక ఏడు ఒక పేరు, మరో ఏడు మరో పేరు. ఫలానా కంపెనీ ఫలానా గింజే కావాలని తెల్లారకముందే కొట్టు ముందు చెప్పులు వరసలో పెట్టి, పక్కన చెట్టుకింద కూర్చున్న రైతుల్ని చూశాను. బస్తా నిండా వేరే మంచి గింజలున్నాయని అధికారులు మైకులో చెబుతున్నా వినేవాడు లేడు. ఆ గింజ అంత గొప్పదని నీకెవరు చెప్పారయ్యా అని ఒకాయన్ని అడిగితే, "ఇంతమంది నిలబడ్డారుగా మాస్టారూ" అన్నాడు. ఆయన వెనకవాణ్ణి అడిగితే ముందున్న ఆయన్ని చూపించేవాడు కాబోలు, అడగలేదు.

ఇది నా గొణుగుడే అనుకునేరు. గ్లెన్ డేవిస్ స్టోన్ అని అమెరికా మానవశాస్త్రవేత్త వరంగల్లు జిల్లా పల్లెల్లో ఏళ్ళ తరబడి తిరిగి ఇదే చూశాడు. ఆయన వ్యాసం 2007లో కరెంట్ ఆంత్రపాలజీ అనే పత్రికలో వచ్చింది. ఒక ఊళ్ళో ఆ ఏడు అందరూ ఒకే గింజ, పక్క ఊళ్ళో అదే ఏడు అందరూ ఇంకో గింజ. మరుసటేడు రెండు ఊళ్ళూ పాతదాన్ని వదిలేశాయి. నేల తేడా వల్లా కాదు, దిగుబడి తేడా వల్లా కాదు. ఊళ్ళో జనం దేనికి ఎగబడితే దానికి ఎగబడటం. గింజల పేర్లు ఏటేటా మారిపోవడం, ఒకే గింజ రెండు మూడు పేర్లతో అమ్ముడుపోవడం వల్ల రైతు తన చేలో తానే పరీక్ష పెట్టి నేర్చుకునే విద్య పోతోందని ఆయన బాధ. చూడండి, మా నాన్న పొలంలోకి కొత్త విత్తనం వస్తే దాన్ని ఒక మూల రెండు సాళ్ళు వేసేవాడు. పక్కన పాత విత్తనం. కాయ కాశాక రెండూ చేతిలో పట్టుకుని చూసేవాడు. మూడో ఏడుకి గానీ చేనంతా వేసేవాడు కాదు. ఆయన అక్షరం ముక్క రాని మనిషి. ఆయన చేసేదాన్ని ఇవాళ డిగ్రీలున్నవాళ్ళు ట్రయల్ ప్లాట్ అంటున్నారు.

బీటీ గింజకీ చెల్లే రోజు వచ్చింది. 2006లో వచ్చిన రెండో రకం బీటీ, బోల్గార్డ్-2కి కూడా గులాబీ రంగు పురుగు లొంగడం మానేసింది. ఇప్పుడు ఇంకోటి, గడ్డిమందు తట్టుకునే పత్తి. అనుమతి లేదు, ప్యాకెట్టు మీద సరైన పేరు లేదు, బిల్లు అసలే లేదు. చెవిలో చెబుతారు, సంచిలో తెస్తారు. ఎవరిచ్చారంటే బావమరిది. వాడికెవరిచ్చారంటే వాడి తోడల్లుడు.

మిరప సంగతి కూడా ఒక ముక్క. 2021లో నల్ల తామర పురుగు పూతలో దిగి మా పల్నాడు మిరపతోటల్ని మసి చేసింది. తోటలు పీకేసిన వాళ్ళున్నారు. సరుకు తగ్గింది కాబట్టి ధర పెరిగింది. 2023లో గుంటూరు యార్డులో తేజా రకం మిరప క్వింటా ఇరవై వేలు దాటింది. ఆ ధర ఒక్కటి గుర్తుంది అందరికీ, తోటలు పీకిన సంగతి ఎవరికీ గుర్తులేదు. ఎకరా కౌలు ఎంతైనా సరే అని ఎగబడి వేశారు. 2025 ఫిబ్రవరికి ధర సగానికి సగం పడింది. కోల్డ్ స్టోరేజీల్లో పాత సరుకు అట్టాగే ఉంది. కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. కల్లంలో ఎండబెట్టిన కాయని చూస్తూ కూర్చున్న కుర్రాణ్ణి ఎందుకు వేశావురా అంటే, "వాట్సాప్ గ్రూపులో అందరూ తేజానే అన్నారు" అన్నాడు. ఆ గ్రూపులో ఉన్నవాళ్ళలో ఎంతమంది చేను వీడు గట్టు మీద నుంచి చూశాడు? ఒక్కరిది కూడా చూడలేదు. వాళ్ళలో కొందరికి అసలు చేను ఉందో లేదో.

పోటీ పల్నాటి నేలకి కొత్త కాదు. కోడిపందెంలో రాజ్యాలు పందెం పెట్టుకున్న చరిత్ర మనది, కారంపూడి వీరుల గుడే సాక్షి. శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు చూడండి. మా ప్రభ మీ ప్రభ కంటే ఒక మూర ఎత్తుండాలని ఊళ్ళకి ఊళ్ళే పంతం పడతాయి. ఒకప్పుడు వెదుళ్ళు, రంగు గుడ్డలు, ఎడ్లు. ఇప్పుడు కరెంటు దీపాలు, జనరేటర్లు. ఎద్దులు లాగేదాన్ని ఇంజన్లు లాగుతున్నాయి. అదీ దుబారాయే కదా అంటారా? అంటే నేను ఒప్పుకోను. ఊరంతా చందాలేసుకుంటుంది, ఊరంతా మోస్తుంది, తెల్లారితే విప్పేస్తుంది. ప్రభ కట్టి ఒక ఇల్లు మునిగిపోవడం నేను వినలేదు. ఇప్పటి పోటీ గడపకీ గడపకీ మధ్య. ఆడపిల్లకి ఓణీల ఫంక్షన్ చేస్తే రోడ్డుకి రెండు పక్కలా ఫ్లెక్సీలు. పక్కింటివాళ్ళు గుంటూరు నుంచి డ్రోన్ కెమెరా తెప్పిస్తే, వీళ్ళు విజయవాడ నుంచి తెప్పిస్తారు. ఆ పిల్లకి పన్నెండేళ్ళు. దానికి కావాల్సింది సైకిలు.

ఇంకొకటి చెప్పి నా నోరు మూసుకుంటాను, మూసుకోగలిగితే. మా వైపు ఇళ్ళలో కింద పరిచేది నాపరాయి. మాచర్ల నాపరాళ్ళు రాష్ట్రమంతా పోయేవి. ఎండాకాలం చల్లగా ఉంటుంది, నీళ్ళు పడ్డా కాలు జారదు, అరిగితే ఇంకా నునుపు తేలుతుంది. సున్నానికి పక్కనే పిడుగురాళ్ళ బట్టీలు. అలాంటి నేల మీద, చేతికందేంత దూరంలో రాయి పెట్టుకుని, మావాళ్ళు గుజరాత్ నుంచి లారీలో వచ్చిన టైల్స్ వేయించుకుంటున్నారు. వీధిలో ఒకడు వేయించాడు. ఆ తర్వాత నాపరాయి ఉన్న ఇల్లు పాతిల్లు అయిపోయింది. సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళు గోడలు చూడరు, నేల చూస్తారట! మా వీధిలో ఒక పెద్దావిడ కొత్త టైల్స్ మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ ఆపరేషన్‌కైన డబ్బుతో ఇంకో వరండా కట్టొచ్చు. పులిని చూసి నక్క వాత పెట్టుకుంది అంటారే, ఇక్కడ పులి కూడా ఇంకో నక్కే.

మా మనవరాలు, అదే మిల్లెట్స్ పిల్ల, ఎకనామిక్స్ చదివింది. ఈ సోదంతా విని ఒక సంగతి చెప్పింది. నెదర్లాండ్స్‌లో పోస్టుకోడ్‌ని బట్టి తగిలే లాటరీ ఒకటి ఉందట. ఒక వీధికి తగిలితే ఆ వీధిలో టికెట్టు కొన్నవాళ్ళకి డబ్బు, వాళ్ళలో ఒకరికి బీఎండబ్ల్యూ కారు. ఆర్థికశాస్త్రం వాళ్ళు లెక్క తీస్తే, గెలిచినవాళ్ళ పక్కిళ్ళలో, టికెట్టే కొనని వాళ్ళలో కూడా కార్లు కొనడం ఎక్కువైందని తేలింది. 2011లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. నాకు నవ్వొచ్చింది. 2015లో అమరావతి రాజధాని అన్నప్పుడు తుళ్ళూరు వైపు పొలాలు కోట్లు పలికాయి, అమ్మినవాళ్ళు కార్లు కొన్నారు. ఇక్కడ సెంటు భూమి కూడా రేటు పెరగని మాచవరంలో కార్లు ఎందుకు పెరిగాయో చెప్పడానికి నెదర్లాండ్స్ దాకా పోవాలా? పిలిస్తే నేనే చెప్పేవాణ్ణి.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. పక్కవాణ్ణి చూసే ఈ బుద్ధే ఒకసారి రాష్ట్రాన్ని కాపాడబోయింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకునే ఆడవాళ్ళు, ఊళ్ళో సారా మాన్పించిన సీతమ్మ కథ పాఠం విని, 1992లో సారా కొట్టు మూయించారు. ఆ ఊరి ఆడవాళ్ళని చూసి పక్క ఊరివాళ్ళు, వాళ్ళని చూసి జిల్లా, జిల్లాని చూసి రాష్ట్రం. చీపురుకట్టలు, కారప్పొడి తప్ప వాళ్ళ చేతుల్లో ఏం లేదు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ మొత్తం మద్యమే నిషేధించారు. 1997లో ఎత్తేశారనుకోండి, అది వేరే ఏడుపు. కొనకుండా ఉండటం కూడా ఒకళ్ళని చూసి ఒకళ్ళు నేర్చుకోగలరని ఆ ఆడవాళ్ళు చూపించారు. మరి మా కుర్రాళ్ళు ఒక్క ఏడాది, ఒక్కటంటే ఒక్క ఏడాది, ఫోను మార్చకుండా ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ ఉండలేరా? అడిగి చూశాను. "అందరూ ఆగితే నేనూ ఆగుతా తాతా" అన్నాడు మా చిన్న మనవడు. అందరూ అనేవాడి ఫోన్ నంబరు ఉంటే ఇప్పించరా, నేనే మాట్లాడతా అన్నాను.

జూన్ వస్తోంది, కొట్టుముందు చెప్పులు మళ్ళీ వరస కడతాయి. పక్కాయన ఏ గింజ వేస్తున్నాడో కనుక్కోండి, తప్పులేదు. కనుక్కున్నప్పుడు పోయినేడు అది ఎన్ని క్వింటాళ్ళు ఇచ్చిందో, మందులకెంతైందో, కౌలు పోను చేతికెంత మిగిలిందో, ఇప్పుడాయన అప్పెంతో కూడా అడగండి. చెప్పడానికి ఇష్టపడకపోతే ఆ గింజ మీ చేలోకి రాకూడదని అర్థం. కొత్తది వెయ్యాలనే ఉంటే రెండు సాళ్ళు వేసి చూడండి. ఏది కొన్నా కొట్టువాడి సంతకంతో, లాట్ నంబరుతో బిల్లు తీసుకోండి, ప్యాకెట్టు పారెయ్యకండి. మొలక రాకపోతే నష్టపరిహారం అడగడానికి మీ చేతిలో ఉండేది ఆ రెండే.